నేలలో దొరకిన కాసులు

పోగొట్టుకొన్నచోటనే వెదకుకొనవలెనని మన పెద్దల మాట. ఆ మాట చెప్పినవారు మా కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడిని చూచియుండరని నాకు తోచును. ఈ నేలలో పడిన వస్తువు పడినచోట నిలువదు. వేసవి ముదిరినదనగా నేల నెర్రెలు విచ్చును. పిల్లవాని చేయి మోచేతివరకు దూరునంత లోతైన నెర్రెలు. చేజారిన కాసు అందులో పడెనా, పాతాళమునకు పోయినట్లే. వాన కురిసినంతనే అదే నేల నీరు త్రాగి ఉబ్బి, నెర్రెల నన్నిటిని మూసికొని, లోపలి మన్నును పైకిని, పైమన్నును లోపలికిని త్రోయును. ఇట్లు ఏటేట ఆ నేల తన్ను తానే దున్నుకొనుచుండును. తాత పోగొట్టుకొన్నది మనుమనికి, అదియు మరియొక గట్టుప్రక్కన, దొరకుట మాయొద్ద వింత గాదు.

ఈ నేలను తమిళమున కరిసల్ అందురు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరము, ఎట్టయాపురము, విళాత్తికుళము — ఈ కరిసల్ ఊళ్లయందు ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు కుటుంబము లెన్నియో విజయనగరపు కాలమునుండియు, మధుర నాయకుల కాలమునుండియు నివసించుచున్నవి. ఎక్కడ జారితిమో, ఎక్కడ తేలితిమో యని మా పెద్దలు తమ్మునుగూర్చి తామే పరిహాసము చేసికొనెడివారు. ఈ సంచికలో మన సంగీతమునుగూర్చియు, సాహిత్యమునుగూర్చియు వ్రాయుటకు పండితులు కలరు. ముప్పదియైదేండ్లు అగ్గిపెట్టెల కర్మాగారములో లెక్కలు వ్రాసిన నావంటివాడు వ్రాయదగినది పాతకాసుల సంగతియే.

మా చిన్ననాట కాసులు వెదకుటకు వానయే సాధనము. పురట్టాసి నెలలో విత్తనములు చల్లి ఐప్పసి వానలకై ఆకాశమువంక చూచుట ఈ ప్రాంతపు సేద్యము. రెండు మంచి వానలు పడి నీరు తీసిన తరువాత మా అవ్వ చేనిగట్ల వెంబడి నడుము వంచి నడచెడిది. కలుపు తీయుటకు గాదు. వాన కడిగిన మన్నుమీద చిలుము పట్టి పచ్చనైన చిన్న రాగికాసులు అక్కడక్కడ తేలియుండెడివి. చిటికెనవ్రేలి గోరంత వెడల్పు. కాని ముద్దగా, మందముగా నుండును. వానిని చింతపండుతో తోమి, ఆకువక్కల సంచిలో వేసికొని, పిల్లలము అల్లరి చేసినప్పుడు తలకొకటి యిచ్చి ఊరడించెడిది. వానిమీది బొమ్మ ఏదో, వ్రాత ఏదో ఆమె యెరుగదు. వానికి ఆమె పెట్టిన పేరు సల్లికాసులు.

ఆ పేరు తమిళదేశమంతట నున్నదే. ఎద్దుకొమ్ములకు సల్లికాసుల మూట కట్టి, ఆ యెద్దును లొంగదీసినవానికి మూట యిచ్చుటచేత ఆ యాటకు సల్లికట్టు, జల్లికట్టు అను పేరు వచ్చినదని చెప్పుదురు. ఆంధ్రదేశమున చేత డబ్బులేనివాడు చిల్లిగవ్వ లేదనును. మాయింటివారు సల్లికాసు లేదందురు. గవ్వకు చిల్లి పడునుగాని కాసు కాసే గదా యని మా అవ్వ గర్వపడెడిది. చేత రెండును లేని దినములు ఆమె చాల చూచినది.

వాన ఒక సాధనమైనచో జల్లెడ రెండవది. కంసాలివారి అంగళ్లముందరి దుమ్మును ఊడ్చి, కాలువలోని బురదను ఎత్తి, చెక్కపళ్లెములో నీటితో త్రిప్పి త్రిప్పి కడిగి, తేలికయగు మన్ను పోగా అడుగున నిలిచిన బంగారు రజను తీసికొని జీవించువారుండిరి. కంటికి కనబడని రజను పాదరసమునకు పట్టించి, పిదప పాదరసమును కాచి పోగొట్టెడివారు. ఈ పనికి తెలుగున జలగడుగుట యనియు, ఆ పనివారికి జలగడుగువారనియు చక్కని పేర్లు కలవు. తెల్లవారుజామున వీధిదీపము క్రింద చీపురుతో వంగియున్న ఆ మనుష్యుని చూచి, పిల్లలము ఇతడు వీధులూడ్చు ఉద్యోగి యనుకొనెడివారము. అంగడివాడు తన గుమ్మము ముందరి దుమ్మును ఊరకే ఊడ్వనీయడనియు, ఆ దుమ్మునకు ఏడాదికింత యని వెల గట్టి అమ్మెడివాడనియు పెద్దవాడనైన పిదప తెలిసినది. మనము త్రొక్కి నడచు దుమ్మునకు వెల యున్నదని నే నేర్చుకొన్న మొదటి పాఠమది.

ఇప్పుడు మూడవ సాధనము వచ్చినది. మా పెద్దమనుమడు ఇంజనీరింగు చదువుచు, చదువులో చేసి చూపవలసిన పనిగా లోహములను కనిపెట్టు యంత్రము నొకదానిని తన చేతులతో చేసెను. ప్లాస్టిక్కు పళ్లెము అంచుచుట్టు సన్నని రాగితీగ చుట్టి, నీళ్ల గొట్టము నొకదానిని పిడిగా తగిలించి, బ్యాటరీ కట్టి, చెవికి పెట్టుకొను సాధనమును కలిపినాడు. చూచుటకు పొడుగుకాడ గరిటెవలె నుండును. ఆ తీగచుట్టలో విద్యుత్తు వేగముగా అటునిటు పారుచుండగా దాని క్రింద కంటికి కనబడని అయస్కాంత క్షేత్ర మేర్పడును. ఆ క్షేత్రములో లోహము పడినచో ఆ లోహమునందు చిన్నచిన్న విద్యుత్సుడులు పుట్టి ఎదురు క్షేత్రమును కల్పించును. ఆ యెదురును పసికట్టి యంత్రము చెవిలో కూయును. మనుమడు చేసిన యంత్రము ఒంటి కాసును జానెడు లోతువరకే పట్టును. అంగళ్లలో దొరకు యంత్రములు ఇంకను లోతుగా చూడగలవట.

ఈ విద్య క్రొత్తది గాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిగుండు దెబ్బ తిని మంచము పట్టగా, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇట్టి సాధనముతోనే ఆయన దేహములో గుండు ఎక్కడ నున్నదో వెదకెను. పరుపులోని యినుప తీగచుట్టలు చప్పుడును కలతపెట్టినవందురు. గుండు దొరకలేదు, అధ్యక్షుడు దక్కలేదు. రెండవ ప్రపంచయుద్ధమున పోలండు సైనికాధికారి యొకరు రూపొందించిన సాధనముతో 1942లో ఎల్ అలమైన్ ఎడారియందు మందుపాతరలను వెదకి సేనకు దారి చేసిరి. ప్రాణములు కాపాడుటకు పుట్టిన యంత్రము యుద్ధానంతరము పాశ్చాత్యదేశములలో సెలవుదినపు వినోదమై, సముద్రతీరములందును పార్కులందును ఉంగరములు, కాసులు ఏరుకొనుటకు దిగినది.

మా మనుమడును పార్కుతోనే ఆరంభించెను. పురపాలక కార్యాలయమున అడిగి, త్రవ్విన గుంటను త్రవ్వినట్లే పూడ్చెదనని మాట యిచ్చి, ఉదయమున జనము లేనివేళ యంత్రము త్రిప్పుచుండెను. నే నొక చేతిసంచియు, పాత తాపీయు పట్టుకొని వెంట పోవుచుంటిని. మొదటి వారము దొరకిన సంపద వినుడు: సోడాసీసా మూతలు ఒక డబ్బాకు సరిపడునన్ని, మేకులు, తలపిన్నులు, చాక్లెట్టుపై వెండికాగితములు, అల్యూమినియము పదిపైసల బిళ్లలు మూడు, అరిగిన మెట్టె ఒకటి. అన్నిటికంటె అధికముగా దొరకినవి కాకరపువ్వొత్తుల తీగలు. శివకాశి మాకు కూతవేటు దూరమున నున్నది గదా! ఎన్ని దీపావళుల యినుపతీగలు ఆ పార్కు నేలలో గూడుకట్టుకొని యున్నవో లెక్కింప నలవి గాదు. యంత్రము కూసినప్పుడెల్ల మనుమడు ఆశతో త్రవ్వును. తీగముక్క యొకటి బైటపడును. రెండవ వారమునకు అతడు తీగ కూతకును కాసు కూతకును భేదము నేర్చెను. ఇనుము కూత గరగర. రాగి, వెండి కూత నున్నన.

పిమ్మట పాతకాసులు కొన్ని దొరకినవి. 1943లో వెలువడిన చిల్లుకానీ యొకటి దొరకగా నాకు చాల సంతోషమైనది. యుద్ధకాలమున లోహము పొదుపు చేయుటకు నడుమ పెద్ద చిల్లు పెట్టి కొట్టిన కానీలవి. 1957 ఏప్రిలులో నయాపైసలు వచ్చువరకు మేము వానిని మొలత్రాట గ్రుచ్చుకొని తిరిగినవారము. దీనిని పారవేసికొన్న పిల్లవాడు ఆనాటి సాయంకాల మింట ఏమి సమాధానము చెప్పుకొనెనో!

మరునాడు దొరకినది అణా. పూవురేకులవలె వంపులు తిరిగిన అంచు. రాగియు నికెలును కలిసిన లోహమగుటచే చిలుము లేదు. ఒకవైపు అయిదవ జార్జి. రెండవవైపు 1919 సంవత్సరము, నడుమ ఒకటియను అంకె, చుట్టును నాలుగు లిపులలో దాని విలువ. మనుమడు ఉమ్మి తుడిచి వెలుతురునకు పట్టి చూచి అడిగెను:

“తాతా, హిందీ తెలుస్తా ఉంది. ఈ చుట్టలు చుట్టలుగా ఉండేది ఏంది? కన్నడమా?”

“మన తెలుగేరా.”

“అరవదేశం కాసుమీద తెలుగెట్ల వచ్చె? ఏం రాసుంది?”

“ఒక అణా.”

వాడు ఆ కాసును మరల కంటి దగ్గరకు పెట్టుకొని, “ఒక... మనము దినమూ అనే ‘ఒక’నా?” అనెను.

అదే. పుట్టినది మొదలు ఆ మాట పలుకుచున్నాడు. ఒక ముద్ద, ఒక నిమిషము, ఒక మాట. ఆ మాటకు రూపమున్నదని ఇరువదియవ యేట, నేలలో త్రవ్వి తీసిన కాసుమీద తెలిసికొన్నాడు. తెలుగు చలనచిత్రముల ప్రకటనలు వాడు చూడకపోలేదు. అవి ఎక్కడివో హైదరాబాదు అక్షరములు. వానితో మనకేమి పని యనుకొనెనట. ఇది తన యూరి మన్నులోనిది.

ఈ సంచిక చదువు మన సోదరులలో పలువురి యిండ్లలో ఇదియే స్థితి యని నేనెరుగుదును. మా యూరిలో తెలుగుబడి నా చిన్ననాడును లేదు. నాకు అక్షరములు వచ్చినవన్నచో, మా నాయన మదరాసునుండి తెప్పించిన పెద్దబాలశిక్షను ముందు పెట్టుకొని, వాకిట ఇసుక పోసి వ్రేలితో దిద్దించుటవలన వచ్చినవి. నేను నా కుమారునకు దిద్దించుటకు సాయంకాలములు చాలలేదు. కర్మాగారములో లెక్కలు ముగియునప్పటికి వాడు నిద్రపోయెడివాడు. భాష నాలుకమీద నిలిచినది, వ్రాత జారిపోయినది. నెర్రెలో పడిన కాసును ఎవడు పడవైచెనని అడిగినచో ఏమి చెప్పుదుము?

వాని ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పవలసియుండెను. అరవదేశపు కాసుమీదికి తెలుగు ఎట్లు వచ్చినది? ఆ అణా అరవదేశమున కొట్టినది గాదు. హిందూదేశ మంతటికిని కొట్టినది. దానిమీద నాగరి, వంగము, ఉర్దూ, తెలుగు లిపులు కలవు, తమిళము లేదు. తమిళదేశపు పార్కులో దొరకిన కాసుమీద తమిళము లేకుండుట తమిళ మిత్రులకు కష్టముగానే యుండును, అది న్యాయమే. కాని అంతకు నూరేండ్లముందు, 1807 తరువాత మదరాసు టంకశాలలో కుంపిణీవారు కొట్టిన వెండినాణెములమీద ఇంగ్లీషు, పారశీకములతో పాటు తమిళమును తెలుగును ప్రక్కప్రక్కన నుండెను. ఆనాటి అంగడిలో ఇరువురును చదువుకొని పుచ్చుకొనెడివారు. ఇంకను వెనుకకు పోయినచో, 1529 మొదలు 1736 వరకు మధుర నేలిన నాయకరాజులు తమ రాగికాసులమీద తమిళమును, తెలుగును, నాగరిని కూడ వాడినారు. అవ్వ సంచిలోని సల్లికాసులలో కొన్ని నిశ్చయముగా అట్టివే. ఆమె చింతపండుతో తోమి తోమి ఎన్ని అక్షరములను అరగదీసెనో!

కాసులమాట అటుండనిండు. మా కోవిల్‌పట్టికి ప్రక్కనున్న ఎట్టయాపుర సంస్థానము తెలుగువారిది. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో దేహము చాలించిన ఊరది. ఆ యూరి ముద్రాక్షరశాలలోనే 1904లో సుబ్బరామదీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో అచ్చుపడినది. అనగా నా తాత యువకుడై యున్ననాడు మా యూరికి బండిదారిలో తెలుగు అచ్చక్షరములు పేర్చువారుండిరి. ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారు ఇంటి తెలుగును ఉంచుకొనియే తమిళమున కథలు వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొంది, కరిసల్ పలుకుబడికి ఒక నిఘంటువును గూడ కూర్చి, 2021లో గతించిరి. మేము కాసు లేరినట్లు ఆయన పల్లెజనుల నోటినుండి మాట లేరెను. అదియు జలగడుగుటయే.

ఇక నగలసంగతి. పార్కులో యంత్రము తిరుగుచున్నదని ఊరిలో తెలిసిన నాలుగవ దినమున, నాతో కర్మాగారములో పనిచేసిన ఒక స్త్రీ కోడలిని వెంటబెట్టుకొని రాలేదు. కోడలే ఒంటరిగా, అత్తకు తెలియకుండ మా యింటికి వచ్చెను. ఆమెయు అగ్గిపెట్టెల పనియే చేయును. పదిరోజుల క్రిందట పిల్లవానిని పార్కులో ఉయ్యాల యూచుచుండగా తాళిత్రాడు తెగి, త్రాడు చేతికి వచ్చెనుగాని బొట్టును, రెండు గుండ్లును ఇసుకలో పడినవి. చీకటిపడువరకు వెదకినను దొరకలేదు. ఇంటికి పోయి పసుపుత్రాటికి పసుపుకొమ్ము కట్టుకొని, రవిక లోపలికి దోపుకొని తిరుగుచున్నది. పండుగనాడు అత్త త్రాడు మార్చబూనినచో సంగతి బైటపడును. బంగారము వెల నేడెంత యున్నదో మీకు తెలియును. పెట్టెలలో పుల్లలు నింపి మరల అంత బంగారము కూర్చుట ఎన్నటికి? వెలయొక్కటే అయినచో ఆమె అట్లు వణకియుండదు. తాళి జారుట కీడని పలుకువారి నోళ్లు ఆమెకు ఎక్కువ భయము.

నాకు అపశకునములయందు నమ్మకము లేదు. లేదని ఆమెతో చెప్పి ప్రయోజనమును లేదు. మనుమడు రెండు సాయంకాలములు ఉయ్యాల చుట్టును జానెడు జానెడుగా నేలను పంచుకొని యంత్రమును త్రిప్పెను. ఉయ్యాల కంబములు ఇనుపవి. వాని దగ్గరకు పోయినంతనే యంత్రము పిచ్చిపట్టినట్లు మొరయును. గార్‌ఫీల్డుగారి మంచము నాకు జ్ఞప్తికి వచ్చినది. చివరకు యంత్రమును ప్రక్కన పెట్టి, కంబము మొదటనున్న ఇసుకను తట్టలోని కెత్తి, వంటింటి జల్లెడతో జల్లించితిమి. బొట్టును, ఒక గుండును వచ్చినవి. రెండవ గుండు మరునాడు యంత్రమే పట్టియిచ్చెను, నాలుగు వ్రేళ్ల లోతున, నాలుగడుగుల దూరమున. పిల్లల కాళ్లు తన్ని తన్ని త్రోసియుండును. ఆమె వానిని కొంగున ముడివేసికొని, మాకు మారుమాట చెప్పకుండ తిన్నగా నడచిపోయెను. మరునాడు మా గుమ్మములో ఒక పొట్లము కడలైమిఠాయి యుండెను.

పోయినదానికి ప్రాణముతో నున్న యజమాని కలడన్నచో ధర్మము తేలిక. యజమాని ఎవరో తెలియనిచో, చచ్చి రెండువందల యేండ్లయినచో, అప్పుడు దొరకినది ఎవరిది? ఈ ప్రశ్న ఆ ఐప్పసిలోనే మా యింట పుట్టి, తాతకును మనుమనికిని మూడురోజులు మాటలు లేకుండ చేసినది.

ఎట్టయాపురము దారిలో మా బంధువొకరికి చేను కలదు. ఆ చేని మూలను ఒక మిట్ట. అచ్చట పూర్వమొక ఊరుండి పాడుపడినదని చెప్పుదురు. నాగలి సాగినప్పుడెల్ల కుండపెంకులు లేచును. వాన వెలిసిన తరువాత ఆయన ఆ మిట్టవారన పదునొకండు రాగికాసులేరి మాకు చూపించుటకు తెచ్చెను. తొమ్మిది అరిగి బోసిపోయినవి. ఒకదానిమీద దేవతామూర్తి వంటిది. ఒకదానిమీద మాత్రము రెండు వరుసలలో అక్షరములు. ఆనాటి తెలుగు కన్నడ లిపులు అక్కచెల్లెండ్రవలె నుండును గనుక చదువుటకు కొంత సేపు పట్టినది: శ్రీవీర. నాయకుల కాలపు కాసులలో ఈ పేరు గలవి కలవని తెలిసినవారు వ్రాసియున్నారు. మనుమడు పార్కులో కన్నడమా యని అడిగినది ఇచ్చట అడిగియున్నచో నేను నవ్వియుండను.

బంధువు పలికిన మాట: “అబ్బీ, నీ మిషను తెచ్చి మిట్టంతా తిప్పు. వచ్చిందాంట్లో నీకు సగం.” మనుమని కన్నులు మెరసినవి. నేను వలదంటిని.

చట్టమేమి చెప్పుచున్నదో మొదట చూచితిమి. నిధినిక్షేపములకు మనదేశమున 1878 నాటి చట్టమే నేటికిని ఆధారము. నేలలో దాచబడియుండి దొరకినది పదిరూపాయల వెలకు మించినచో, దొరకినవాడు వెంటనే కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను: ఏమి దొరకినది, ఎంత, ఎక్కడ, ఏనాడు. సొమ్మును దగ్గరి ఖజానాలో నుంచవలెను, లేదా అడిగినప్పుడు తెచ్చి యిచ్చుటకు పూచీ యీయవలెను. నాలుగునెలలకు తక్కువగాని, ఆరునెలలకు ఎక్కువగాని కాని గడువిచ్చి, హక్కుదారు లెవరైన నున్నచో రమ్మని కలెక్టరు ప్రకటించును. ఎవరును రాక, అది నూరేండ్లకు పూర్వము దాచినదని తేలినచో, దొరకినవానికి మూడుపాళ్లు, నేల సొంతదారునకు ఒక పాలు. ప్రభుత్వము తానే ఉంచుకొనదలచినచో లోహపు వెలమీద అయిదవవంతు కలిపి యీయవలెను. దాచిపెట్టినవానికి ఏడాదివరకు కారాగారము. 1878లో పదిరూపాయలన్నచో ఒక కుటుంబపు నెల బత్తెము. నేడు పదిరూపాయలకు మాయూరి కడలైమిఠాయి నాలుగు ముక్కలు వచ్చునో రావో. అయినను చట్టములో ఆ అంకె మారలేదు. 1972 చట్టము ననుసరించి నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువే. ఆ లెక్కన మా పార్కు అణాయును పురావస్తువే యని మనుమడు నవ్వెను.

చట్టము చూపినంతమాత్రమున వాడు ఒప్పుకొనలేదు. వాని వాదములో బలమున్నది. “తాతా, నువ్వు వద్దంటే అవి అక్కడే భద్రంగా ఉంటాయా? ట్రాక్టరు నలగ్గొడతాది. ఎరువు ఉప్పు రాగిని తినేస్తాది. పదేండ్లకు ‘శ్రీవీర’ పోయి పచ్చటి పిండి మిగలతాది. తీసి కాపాడేది తప్పా?” ఇంగ్లండులోను వేల్సులోను 1997 మొదలు యంత్రము త్రిప్పువారు తమకు దొరకినవానిని నిపుణులకు చూపి నమోదు చేయించు ఏర్పాటున్నదని చదివి వినిపించెను. అక్కడ జనమును నమ్మినారు. ఇక్కడ నేల నమ్మవలెనా యని అడిగెను.

నేను లెక్కలు వ్రాసినవాడను. లెక్కలమాటతోనే చెప్పితిని. తేదీ లేక, ఏ ఖాతాదో తెలియక, ఊరక అంకె మాత్రము వ్రాసియున్న పద్దు ఎందుకు పనికివచ్చును? సొమ్ము నిజమే, లెక్క నిలువదు. కాసు ఎంత లోతున, ఏ పెంకుప్రక్కన, ఏ బూడిదక్రింద నున్నదో తెలిసినచో అది పద్దు. యంత్రము కూసినచోటనెల్ల గుంట తీసి పైకి లాగినచో అది అంకె మాత్రమే. 1898లో పుదుక్కోట రాజ్యమున కరుక్కాకురిచ్చి గ్రామములో ఒక్కచోట 501 రోమను బంగారు నాణెములు దొరకినవి. వానిలో మిక్కిలి భాగము రాజముఖముమీద ఉలిగాట్లు పడినవి. విడివిడిగా బజారున కెక్కియున్నచో, ప్రతిదియు చెడిపోయిన నాణెమని కరగించియుందురు. కలసి దొరకి, కలసి లెక్కకు వచ్చుటచేతనే, ఆ గాట్లు ఎవరో బుద్ధిపూర్వకముగా పెట్టినవని తెలిసినది. ఎందుకు పెట్టిరని పండితులు నేటికిని విచారించుచున్నారు. విరుదునగరము జిల్లాలో వెంబకోట దగ్గర వైప్పారు ఒడ్డున 2022లో మొదలైన త్రవ్వకములను నేను పోయి చూచితిని. నలుచదరపు గుంటలు, గుంటగోడకు దారము కట్టి పొరపొరకు చీటీలు. శంఖపు గాజుముక్క యొకటి బైటపడినచో చేతులతో లాగరు; కుంచెతో మన్ను తుడిచి, కొలిచి, పటము తీసి, ఆ పిదపనే కదలింతురు. ఆ ఓపిక మన జల్లెడకు లేదు, యంత్రమునకును లేదు.

వాడు కొంతసేపు ఊరకుండి, “ఇంగ్లండువాళ్లు అడిగేదీ, 1878 చట్టం అడిగేదీ ఒకటే కదా. ఏమి, ఎక్కడ, ఎప్పుడు” అనెను. ఆ మాట నాకు తట్టలేదు. వాని వాదము నా వాదము నక్కడ కలిసినవి. మిట్టమీద యంత్రము పెట్టకుండుటకును, దొరకిన పదునొకండింటిని లెక్కకు చేర్చుటకును ఒప్పందమైనది.

చిక్కంతయు బంధువుతో వచ్చినది. సర్కారుకు చెప్పినచో చేను పోవునని ఆయన భయము. ఆ భయము వట్టిదని గట్టిగా చెప్పుటకు నాకు నోరు రాలేదు. పల్లెలలో ఇట్టి మాటలు ఊరక పుట్టవు. పాంచాలంకురిచ్చి కోటను 1799లోను 1801లోను కుంపిణీవారు పడగొట్టిన తరువాత, కట్టబొమ్మని ధనము ఇక్కడ నున్నది అక్కడ నున్నదని చెప్పు కథలు ఈ ప్రాంతమున ప్రతి యూరిలో కలవు. నిధికై రాత్రివేళ త్రవ్విపోయిన గుంటలును కలవు. మా బంధువు మిట్టమాట బైటికి పొక్కినచో అట్టివారు వత్తురనియు ఆయన శంక. అది మాత్రము సరియైన శంక. కాసులను రాగివెలకు పాత్రలవానికి వేసి మరచిపోవుదమని ఆయన తీర్మానించుకొనెను.

ఆయనను త్రిప్పినది చట్టము గాదు, నేను గాదు, మనుమని యంత్రమును గాదు. తొంబదియేండ్ల ఆయన తల్లి. మంచములో పండుకొనియే, “పాతరసొమ్ము ఇంట నిలవదు, దాని బిడ్డలు దాన్ని ఎతుక్కుంటా వస్తారు. ఇయ్యి పోరా” అనెను. దానికి ఆయన యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

కాసులను ఒక్కొక్కదానిని కాగితపు పొట్లములో కట్టి, అంకె వేసి, చేని సర్వేనెంబరును, మిట్టకు ఏవైపున ఎన్ని అడుగుల దూరమున ఏరినదియు, వాన కురిసిన తేదీయు వ్రాసితిమి. బంధువు చూపిన తావుల నన్నిటిని మనుమడు పటముగా గీసెను. విన్నపమును తమిళమున నేను వ్రాసి, బంధువుచేత చేవ్రాలు చేయించితిని. ఈ లోపల మనుమడు సాయంకాలములు నాయొద్ద కూర్చుండి, ఒ, క, అ, ణ అను నాలుగు అక్షరములతో మొదలుపెట్టి, ఒత్తులవరకు వచ్చియుండెను. ఇసుక గాదు, లెక్కల కాగితముల వెనుకవైపున.

తాలూకా కచ్చేరిలో గుమస్తాగారు పొట్లములు విప్పి, పట్టీతో సరిచూచి, రసీదు తమిళమున వ్రాయుచు ఏడవ పొట్లమువద్ద కలము నాపినారు. కాసును త్రిప్పి చూచి, చుట్టుప్రక్కల నెవరును లేరని తెలిసికొని, మెల్లగా తెలుగున అడిగిరి: “ఇది మా తాత పెండ్లిపత్రిక పైన ఉండే అక్షరం మాదిరి ఉందే. ఏమది?”

మనుమడు ఆయన చేతిలోని కలము నడిగి పుచ్చుకొని, రసీదు అంచున ‘శ్రీవీర’ అని వ్రాసి, ‘శ్రీ’ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగింపవలెనో ఆయనకు చూపుచుండెను.